గోబర్ గ్యాస్ స్లరీ నీటికి బయోచార్: భాస్వరం చిక్కుతుంది, నత్రజని చిక్కదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పల్నాడులో 20 గేదెల డెయిరీ, రోజుకు 300 కిలోల పేడ, 12 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు. ప్లాంటు నుంచి వచ్చే స్లరీ, అంటే గ్యాసు తీశాక మిగిలే పేడ నీళ్లు, కాలువ వెంట పోయి ఊరి చెరువులో కలుస్తోంది, చెరువు పచ్చగా నాచు కడుతోంది. మీకున్న 8 ఎకరాల పత్తి కట్టెను కాల్చి ఆ బొగ్గును 200 లీటర్ల డ్రమ్ములో నింపి స్లరీ నీళ్లు వదిలారు. వారం తిరక్కుండానే డ్రమ్ము మూసుకుపోయింది, కళ్లు మండే వాసన వచ్చింది, పైగా ల్యాబు రిపోర్టులో భాస్వరం లీటరుకు 70 మిల్లీగ్రాముల నుంచి 85కి పెరిగింది. బయోచార్, అంటే గాలి తగలకుండా కాల్చిన ఇలాంటి బొగ్గు, పోషకాలను పీల్చుకుంటుందన్నారు కదా, ఇదేమిటి అని మీ ప్రశ్న.

రిపోర్టు తప్పు కాదు. ఉత్త బొగ్గుతో భాస్వరం పెరగడమే సహజం. బొగ్గు ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది, నీటిలో భాస్వరం ఉండే రూపమైన ఫాస్ఫేటుదీ రుణావేశమే, అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. నత్రజనికి ఒక రూపమైన నైట్రేటు సంగతీ అంతే. దానికి తోడు పత్తి కట్టెలోని భాస్వరం, పొటాష్ కాలినప్పుడు గాలిలోకి పోవు, బూడిదగా బొగ్గుకే అంటుకుని ఉంటాయి. మీరు కడగకుండా డ్రమ్ములో పోశారు గనుక మొదటి వారం నీళ్లు ఆ బూడిదను కడుక్కుంటూ వచ్చాయి. రిపోర్టులో పెరిగిన 15 మిల్లీగ్రాములు మీ పత్తి కట్టెవే. ఘాటు వాసనకూ బూడిదే కారణం. కొత్త బొగ్గు పీహెచ్ (క్షార గుణం కొలత, 7 దాటితే క్షారం) 9 నుంచి 10 దాకా ఉంటుంది. స్లరీ నీటిలో నత్రజని ఎక్కువగా అమ్మోనియం రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 దగ్గర, 30 డిగ్రీల వేడిలో అందులో నూటికి ఏడెనిమిది పాళ్లే అమ్మోనియా వాయువుగా మారుతుంది. పీహెచ్ 9కి చేరితే 45 పాళ్లు మారుతుంది. అంటే మీ డ్రమ్ము నత్రజనిని పట్టుకోవడం అటుంచి, గాలిలోకి తరిమేసింది. డ్రమ్ము మూసుకుపోవడానికి కారణం మాత్రం సన్నటి పేడ నలుసు. అది రసాయనం సంగతి కాదు, వడపోత సంగతి.

ఏ డ్రమ్మూ బిగించకముందు ఒక కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఈ పనిలో సగం నిర్ణయాలు ఆ లెక్కలోనే తేలిపోతాయి.

300 కిలోల పేడకు అంతే నీళ్లు కలిపితే రోజుకు 600 లీటర్ల స్లరీ. అందులో గట్టి భాగాన్ని వేరు చేస్తే దాదాపు 200 కిలోల తడి గసి, 400 లీటర్ల నీరు వస్తాయి. 300 కిలోల పేడలో భాస్వరం సుమారు 200 గ్రాములు. నీటిలో కరిగి ఉన్నది, మీ 70 మిల్లీగ్రాముల లెక్కన, 28 గ్రాములే. మిగతా 170 గ్రాములు గసిలోనే, కాల్షియం, మెగ్నీషియంలతో ముడిపడిన సన్న నలుసుగా ఉన్నాయి. ఏడాదికి చూస్తే నీటిలోది 10 కిలోల భాస్వరం, ఎరువుల బస్తాల మీద రాసే లెక్కలో 23 కిలోల పి2ఓ5, అంటే ఒక డీఏపీ బస్తా. గసిలోది ఆరు బస్తాల డీఏపీకి సమానం. మీరు బొగ్గుతో వెంటాడుతున్నది ఆ ఒక్క బస్తాను. ఆరు బస్తాలు కాలువలో పోతున్నాయి.

నత్రజని లెక్క ఇంకో రకంగా ఉంటుంది. గోబర్ గ్యాస్ ప్లాంటు దాటిన నీటిలో అమ్మోనియం నత్రజని లీటరుకు 800 మిల్లీగ్రాములు అనుకుందాం, మీ రిపోర్టులోనూ దగ్గర దగ్గర అంతే ఉంది. 400 లీటర్లలో 320 గ్రాములు. అమ్మోనియం ధనావేశం గనుక దాన్ని బొగ్గు పట్టుకుంటుంది, నిజమే. కానీ పశువుల స్లరీలో పొటాష్ కూడా విపరీతంగా ఉంటుంది, అదీ ధనావేశమే, అదే చోటు కోసం పోటీ పడుతుంది. అందువల్ల కిలో బొగ్గుకు 2 గ్రాముల నత్రజని చిక్కితే బాగా చిక్కినట్టు. 320 గ్రాములు పట్టాలంటే రోజుకు 160 కిలోల బొగ్గు కావాలి. మీ 8 ఎకరాల పత్తి కట్టె ఎకరానికి టన్ను చొప్పున 8 టన్నులు. బొగ్గుగా మారేది ఐదో వంతు, 1,600 కిలోలు. అంటే రోజుకు నాలుగు కిలోల పైచిలుకు. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఏ డిజైనూ పూడ్చలేదు.

కాబట్టి గసి ఎరువు కుప్పకు పోవాలి, నీటిలోని భాస్వరం మెగ్నీషియం పట్టించిన బొగ్గుకు, నత్రజని, పొటాష్ పశుగ్రాసం మడికి. మూడింటినీ ఒకే డ్రమ్ములో పట్టాలనుకోవడమే అసలు పొరపాటు.

ముందు గసి. 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న మడులు పది కట్టండి, ఒక్కొక్కటి 3 చదరపు మీటర్లు. అడుగున ప్లాస్టిక్ షీటు లేదా సిమెంటు వేసి ఒక పక్కకు వాలు ఇవ్వండి. దాని మీద 15 సెంటీమీటర్ల మందాన 20 ఎంఎం కంకర, పైన 5 సెంటీమీటర్ల ముతక బొగ్గు, దానిపైన రెండు పొరల షేడ్‌నెట్. ఈ ముతక బొగ్గుకు పత్తి కట్టె సన్నం అవుతుంది, సర్కారు తుమ్మ బొగ్గు ముక్కలు వేలి కణుపంత సైజువి వాడండి. మొదటిసారి మొత్తం మీద 300 కిలోలు పడుతుంది, తర్వాత గసితో పాటు పైకి వచ్చేసినంత మేరకు నింపుకుంటే చాలు. రోజుకొక మడిలో 600 లీటర్లు వదిలితే 20 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది. నీరు కిందికి దిగి, పదో రోజుకు పైన పార పట్టేంత గట్టి పొర మిగులుతుంది. ఎండాకాలంలో ఆరేడు రోజులు చాలు. వానాకాలానికి పైన రేకులో టార్పాలినో తప్పదు, లేకపోతే ఒక్క వానతో పది రోజుల పని మళ్లీ నీళ్లవుతుంది.

మడుల్లోంచి దిగిన నీటిని నేరుగా డ్రమ్ములోకి పంపొద్దు. వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులో ఒక రోజు తేరనివ్వండి, అడుగు నుంచి ఒక జానెడు పైన కుళాయి పెట్టండి. డ్రమ్ముకు తగినంత తేటపడిందా లేదా అని చూడడానికి ల్యాబు అక్కర్లేదు. తెల్లటి లీటరు సీసాలో పట్టి గంట సేపు కదపకుండా ఉంచండి. అడుగున ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ మడ్డి దిగితే ఇంకా తేరాలి. రంగు కషాయంలా ఉన్నా ఫర్వాలేదు. మడ్డి ఉండకూడదు.

ఇక బొగ్గు. పత్తి కట్టెను పీకి గట్టు మీద నెలల తరబడి కుప్ప పెట్టడం వల్ల గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు చేరుతుంది, కాబట్టి చివరి తీత అయిన వెంటనే పీకి, ఎండలో మూడు నాలుగు వారాలు ఆరబెట్టి, వేసవి ముదరక ముందే కాల్చేయడం రెండు విధాలా మంచిది. చేత్తో విరిస్తే టక్కున విరగాలి. వంగితే తడి ఉన్నట్టు, తడి కట్టె పొగ తప్ప మంచి బొగ్గు ఇవ్వదు. పైన ఒకటిన్నర మీటరు, కింద 80 సెంటీమీటర్లు వెడల్పు, 80 సెంటీమీటర్ల లోతు ఉన్న గరాటు ఆకారపు గొయ్యి తవ్వండి. అడుగున చిన్న మంట వేసి, కట్టెను పలచటి పొరలుగా వేస్తూ పోవాలి. పై పొర మీద తెల్లటి బూడిద పొడ కనిపించగానే తర్వాతి పొర వేయాలి. ముందుగా వేస్తే పొగ, ఆలస్యం చేస్తే బూడిద. పైన మంట నిలిచి ఉన్నంత సేపు కిందికి గాలి అందదు, అదే కట్టెను బొగ్గుగా మారుస్తుంది. నాలుగైదు గంటల్లో 500 కిలోల కట్టె పడుతుంది, 100 కిలోల బొగ్గు వస్తుంది. గొయ్యి వద్దనుకుంటే హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన డ్రమ్ము బట్టీ ఉంది, 200 లీటర్ల ఇనుప డ్రమ్ముకు అడుగున గాలి రంధ్రాలు పెట్టి చేసేది. అది చిన్న మోతాదుకు బాగుంటుంది. మీకు కావలసిన పరిమాణానికి గొయ్యే నయం.

ఆర్పడానికి మంచి నీళ్లే వాడండి. స్లరీతో ఆర్పితే బొగ్గుకు ఎరువు పడుతుందని కొందరు చేస్తారు. నిప్పు మీద పడిన స్లరీలోని అమ్మోనియా అంతా ఆవిరితో పాటే పోతుంది, మిగిలేది పొటాష్, కాస్త భాస్వరం. ఆర్పిన బొగ్గును ఒక రోజంతా పరిచి తడిపి ఉంచాకే గోతాల్లోకి ఎత్తండి. లోపల నిప్పు మిగిలి అర్ధరాత్రి రాజుకునే ప్రమాదం నిజంగా ఉంది. తలుపులు మూసిన గదిలో కొత్త బొగ్గు నిల్వ చేసి అక్కడే ఎవరినీ పడుకోనివ్వకండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తర్వాత దంచి జల్లించాలి. డ్రమ్ముకు పనికొచ్చేది 2 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్క, జొన్న గింజ నుంచి శనగ గింజ వరకు అనుకోండి. ఇంతకన్నా సన్నది మూడో వంతు దాకా వస్తుంది. దాన్ని పారేయొద్దు, ఎరువు కుప్పకు కావాలి. ముక్కను మూడుసార్లు నీళ్లలో కలియబెట్టి కడగండి. ఆ కడుగు నీరు పొటాష్ నీరు, కుప్ప మీదే చల్లండి. మీ మొదటి ప్రయత్నంలో చేయనిది ఈ ఒక్క కడుగుడే, రిపోర్టును తలకిందులు చేసింది కూడా అదే.

కడిగిన బొగ్గు భాస్వరాన్ని పెంచదు, కానీ పట్టుకోదు కూడా. పట్టుకోవాలంటే దానికి మెగ్నీషియం ఎక్కించాలి. మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు మూడూ సమాన అణువులుగా కలిస్తే స్ట్రూవైట్ అనే తెల్లటి స్ఫటికం గడ్డకడుతుంది. అందులో నత్రజని 5.7 శాతం, భాస్వరం 12.6 శాతం, మెగ్నీషియం 9.9 శాతం. పీహెచ్ 8.5 నుంచి 9.5 మధ్య బాగా ఏర్పడుతుంది. స్లరీ నీటిలో అమ్మోనియం కావలసినంత ఉంది, ఫాస్ఫేటు ఉంది, కొరత మెగ్నీషియానిదే. బొగ్గు రంధ్రాల్లో మెగ్నీషియం ఉంటే స్ఫటికం అక్కడే కూర్చుంటుంది, బొగ్గుతో పాటు పొలానికి మోసుకుపోవచ్చు. ఇందులో నత్రజని కూడా చిక్కుతుంది కదా అని ఆశపడొద్దు. 28 గ్రాముల భాస్వరంతో పాటు పోయే నత్రజని 13 గ్రాములకు మించదు, ఉన్నది 320.

పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి కట్టెను మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో నానబెట్టి తర్వాత కాల్చడం. ల్యాబు కొలిమిలో అది గొప్ప బొగ్గు ఇస్తుంది. పొలంలో వద్దు. కాలేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఇనుప డ్రమ్మును రెండు మూడు కాల్పుల్లో తినేస్తుంది. పత్తి ఆకు ఎర్రబడితే పిచికారీ చేసే మెగ్నీషియం సల్ఫేటు అందరికీ దొరుకుతుంది గనుక దాంట్లో నానబెట్టి కాల్చుదామని అనిపిస్తుంది. గొయ్యిలో వచ్చే 600, 700 డిగ్రీలకు అది ఆక్సైడుగా మారదు. సల్ఫేటుగానే మిగిలి మొదటి నీటితో కొట్టుకుపోతుంది. దాన్ని నీటిలోనే నేరుగా కలపొచ్చు, రోజుకు 300 గ్రాములు పడుతుంది. అప్పుడు పీహెచ్ విడిగా పెంచాలి, స్ఫటికం సన్నటి పొడిగా నీటిలో తేలుతుంది, దాన్ని పట్టుకోవడం మరో తలనొప్పి.

మీకు సరిపడేది మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. తమిళనాడులోని సేలం మాగ్నసైట్ అనే మెగ్నీషియం రాయి గనులకు ప్రసిద్ధి, ఆ రాయిని కాల్చి చేసిన పొడి మార్కెట్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఒక్క మాట గట్టిగా అడగాలి: తక్కువ వేడి మీద కాల్చిన, కాస్టిక్ గ్రేడ్ పొడి కావాలి. కొలిమి ఇటుకలకు వాడే డెడ్ బర్న్ గ్రేడ్ చూడడానికి అలాగే ఉంటుంది, చవగ్గా కూడా ఇస్తారు, కానీ నీటితో అసలు కలవదు. దానితో చేసిన బొగ్గు ఎన్ని రోజులు పెట్టినా ఫాస్ఫేటు తగ్గదు. ఇంట్లోనే పరీక్ష ఉంది: చెంచాడు పొడిని గ్లాసు నీళ్లలో కలిపి గంట తర్వాత పీహెచ్ కాగితం ముంచండి. 10 దగ్గరికి రావాలి.

కడిగిన 10 కిలోల బొగ్గుకు అర కిలో పొడి చొప్పున. పొడిని ముందు మూడు లీటర్ల నీటిలో పలచటి సున్నంలా కలిపి, బొగ్గు మీద పోసి, ప్రతి ముక్కకూ తెల్లగా అంటేలా తొట్టిలో పారతో తిరగెయ్యండి. గోనె పట్టా కప్పి ఒక రోజు మాగనిచ్చి, తర్వాత నీడలో ఆరబెట్టండి. ఈ లోగా ఆక్సైడ్ హైడ్రాక్సైడ్‌గా మారి రంధ్రాల్లో పట్టుకుంటుంది. అర కిలో కంటే ఎక్కువ వేస్తే ఎక్కువ పట్టుకుంటుందనుకోవద్దు, పీహెచ్ 9.5 దాటి మళ్లీ అమ్మోనియా వాసన మొదలవుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. బొగ్గు దుమ్ము, ఈ పొడి రెండూ ఊపిరికి చెడు చేస్తాయి.

ఇలా చేసిన బొగ్గు కిలోకు 10 గ్రాముల భాస్వరం పట్టుకుంటుందని లెక్క వేసుకోండి. పరిశోధన పత్రాల్లో 50, 100 గ్రాములని చూసి ఉంటారు. అవి పొడి చేసిన బొగ్గును స్వచ్ఛమైన ఫాస్ఫేటు ద్రావణంలో ఒక రోజంతా గిలక్కొట్టి రాసిన అంకెలు. స్లరీ నీటిలో కాల్షియం, కార్బొనేటు, పేడలోని సేంద్రియ ఆమ్లాలు అడ్డుపడతాయి. మెగ్నీషియంలో నాలుగో వంతు పనికి వచ్చినా నా దృష్టిలో అది బాగా నడుస్తున్న డ్రమ్మే.

డ్రమ్ములు రెండు, ఒకదాని తర్వాత ఒకటి. నీరు కింద నుంచి పైకి పోవాలి, పై నుంచి కిందికి కాదు. పైనుంచి పోస్తే మిగిలిన నలుసు మొదటి రెండంగుళాల్లోనే పేరుకుని మూత వేసినట్టు అవుతుంది, మీకు జరిగింది అదే. అడుగున 15 సెంటీమీటర్ల గులకరాయి, పైన 60 సెంటీమీటర్ల బొగ్గు, దానిపైన ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద రాళ్లు. రాళ్లు ఎందుకంటే పొడి బొగ్గు నీటిలో తేలుతుంది. రెండు రోజులు నానబెట్టాక నింపినా కొంత లేస్తుంది. ఒక్కో డ్రమ్ములో దాదాపు 150 లీటర్ల బొగ్గు, బరువు 35 కిలోలు పడుతుంది. 400 లీటర్ల నీటిని తొమ్మిది గంటల్లో, అంటే గంటకు 45 లీటర్ల చొప్పున వదలండి. మూడు గంటలకు పైగా బొగ్గుతో కలిసి ఉంటుంది, అది చాలు. కుళాయి అంచనాతో వద్దు. బకెట్టు, గడియారం పెట్టి కొలవండి: 15 లీటర్ల బకెట్టు 20 నిమిషాల్లో నిండాలి.

35 కిలోలకు 350 గ్రాముల భాస్వరం, రోజుకు 28 గ్రాములు. మొదటి డ్రమ్ము పన్నెండు రోజులకు నిండుతుంది. అప్పుడు దాన్ని ఖాళీ చేసి, రెండో డ్రమ్మును మొదటి స్థానానికి జరిపి, కొత్త బొగ్గుతో నింపినదాన్ని వెనక పెట్టండి. గొట్టాలను యూనియన్లతో (విప్పి బిగించే జాయింట్లతో) బిగిస్తే ఈ మార్పిడి అరగంట పని. ఏడాదికి 29, 30 డ్రమ్ములు, అంటే వెయ్యి కిలోల పైన బొగ్గు. జల్లెడ పట్టాక మీకు మిగిలేదీ దాదాపు అంతే. కొత్త డ్రమ్ము పెట్టిన మొదటి రెండు రోజులు బయటి నీటి పీహెచ్ 9.5 దాకా పోవచ్చు, ఆ నీటిని తిరిగి సింటెక్స్ ట్యాంకులోకే మళ్లించండి, మూత వేసి ఉంచండి.

గొట్టాల వంపుల్లో, కుళాయిల్లో తెల్లటి గార పేరుకుంటుంది. అది కూడా స్ట్రూవైటో సున్నమో. ఇరుకు గొట్టాలు వద్దు, 32 ఎంఎం పెట్టండి, నెలకోసారి వంపులను విప్పి నిమ్మఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెడితే వదులుతుంది. సుత్తితో కొడితే పీవీసీ పగులుతుంది.

పరీక్షల దగ్గర రెండు పొరపాట్లు చాలా మందిని తప్పుదారి పట్టిస్తాయి. ఒకటి ప్రమాణం. కొన్ని రిపోర్టులు భాస్వరంగా రాస్తాయి, కొన్ని ఫాస్ఫేటుగా. ఫాస్ఫేటు అంకెను 3.07తో భాగిస్తే భాస్వరం వస్తుంది. అమ్మోనియంగా ఇచ్చిన అంకెను 0.78తో గుణిస్తే నత్రజని. మీ రిపోర్టులో 70 భాస్వరంగానే ఉందన్నారు, అందుకే అలా లెక్క వేశాను. రెండోది వడపోత. నమూనాను ఫిల్టర్ కాగితంలో వడకట్టి ఇవ్వకపోతే నలుసులోని భాస్వరం కూడా కలిసి వస్తుంది, అప్పుడు డ్రమ్ము ముందూ వెనకా అంకెలకు పోలిక ఉండదు. వారం వారం ల్యాబుకు పంపనక్కర్లేదు, రొయ్యలు, చేపల రైతులకు అమ్మే అమ్మోనియా, ఫాస్ఫేటు కిట్లు చాలు. వడకట్టిన నీటిని మంచి నీటితో 1 కి 50 పాళ్లు పలచన చేసి చూడండి, లేకపోతే స్లరీ రంగే కిట్టు రంగును మింగేస్తుంది. మొదటి డ్రమ్ము నుంచి వచ్చే నీటిలో భాస్వరం, లోపలికి పోయేదానిలో సగానికి చేరితే మార్చే వేళయింది.

డ్రమ్ములు దాటిన నీటిలో నత్రజని, పొటాష్ దాదాపు మొత్తం ఉన్నాయి. దీన్ని చెరువుకు వదిలితే చేసిన పనికి అర్థం లేదు. ఏడాదికి 117 కిలోల నత్రజని, అంటే ఐదున్నర యూరియా బస్తాలు. దీనికి సూపర్ నేపియర్ లాంటి గడ్డి ఒకటి, ఒకటిన్నర ఎకరం సరిపోతుంది. ఎకరాన్ని 30 బోదెలుగా విడదీసి రోజుకొక బోదెకు ఈ 400 లీటర్లను మూడింతల బోరు నీటితో కలిపి సాయంత్రం పూట పారించండి. ప్రతి బోదె వంతు నెలకోసారి వస్తుంది. మిట్టమధ్యాహ్నం పారిస్తే అమ్మోనియా ఎగిరిపోతుంది. పారించాక కనీసం మూడు వారాలకు గానీ ఆ గడ్డి కోయకండి, లేత గడ్డిలో నైట్రేటు పేరుకుంటే గేదెలకే ప్రమాదం. వానలకు నేల నానిపోయిన రోజుల్లో పారించకూడదు, అందుకు 15 రోజుల నిల్వ, 6,000 లీటర్ల తొట్టి ఉండాలి. ఖర్చంతా కలిపి చూస్తే ఈ తొట్టే పెద్దది. అయినా దాన్ని వదిలేస్తే జూలై, ఆగస్టుల్లో అంతా మళ్లీ కాలువలోకే పోతుంది.

స్లరీలోకి రాకూడనివి కొన్ని ఉన్నాయి, వీటిని పట్టించుకోకపోతే ఇంత శ్రమా విషమవుతుంది. గిట్టల జబ్బుకు వాడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) తొట్టి నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కలవకూడదు. రాగిని బొగ్గు చాలా బలంగా పట్టుకుంటుంది, అది మీ పొలంలో ఏళ్ల తరబడి పేరుకుంటుంది, తిరిగి తీయలేరు. పాల క్యాన్లు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు, ఫినాయిలు, పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేసిన గేదె పాలు పారబోసినవి కూడా ప్లాంటులోకి గానీ డ్రమ్ముల్లోకి గానీ రాకూడదు. ప్లాంటులో బ్యాక్టీరియా చచ్చినా ముందు తెలిసేది గ్యాసు తగ్గినప్పుడే.

వాడిన బొగ్గును ఎండలో ఆరబెట్టకండి, అంటుకున్న అమ్మోనియం పోతుంది. ఒక రోజు నీళ్లు కారనిచ్చి, మడుల్లోంచి తీసిన గసితో కలిపి కుప్ప వేయండి. జల్లెడ కింద మిగిలిన సన్న బొగ్గు కూడా ఇందులోనే. నత్రజని విషయంలో బొగ్గు నిజంగా ఉపయోగపడే చోటు ఈ కుప్పే, ఇక్కడ నీళ్లు తక్కువ, అమ్మోనియా ఆవిరిని రంధ్రాల్లో ఆపగలుగుతుంది. టన్ను కుప్పకు 20 కిలోల జిప్సం కలిపితే అమ్మోనియం సల్ఫేటుగా మారి ఇంకొంత నిలుస్తుంది. జిప్సంను డ్రమ్ములకు ముందు మాత్రం వాడొద్దు, అందులోని కాల్షియం మెగ్నీషియం చోటును ఆక్రమిస్తుంది. గోబర్ గ్యాస్ ప్లాంటు వేడికి రోగక్రిములన్నీ చావవు. కుప్ప లోపల 55 డిగ్రీలు కనీసం మూడు రోజులు నిలవాలి, తిరగేసి అంచులు లోపలికి వచ్చాక మళ్లీ మూడు రోజులు. పొడవాటి థర్మామీటరు కొనండి, చేత్తో పట్టుకుని అంచనా వేయొద్దు. అలా మాగని కుప్పను ఆకుకూరలకు వేయకండి.

పొలంలో ఎంత? ఒక నిండిన డ్రమ్ములో 350 గ్రాముల భాస్వరం అంటే 800 గ్రాముల పి2ఓ5. ఏడాది మొత్తం డ్రమ్ములు కలిపితే 23 కిలోలు, ఒక ఎకరం పత్తికి సిఫారసు చేసే భాస్వరానికి సమానం. ఆ ఎకరానికి డీఏపీ మానొచ్చు, మిగతా ఏడు ఎకరాలకు గసి ఎరువు లెక్క వేసుకోండి. మీది సున్నం ఉన్న నల్లరేగడి, పీహెచ్ 8 దాటి ఉంటుంది. స్ట్రూవైట్ అలాంటి నేలలో నిదానంగా కరుగుతుంది, ఆమ్ల గుణం ఉన్న ఎర్ర నేలల్లో త్వరగా కరుగుతుంది. కాబట్టి వెదజల్లకుండా, విత్తే సాళ్లలో నాలుగంగుళాల లోతున, ఫాస్ఫో బ్యాక్టీరియా (భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవులు) కలిపిన ఎరువుతో పాటు వేయండి. మొదటి ఏడాది సగం ఎకరంలో డీఏపీ, సగంలో ఇది వేసి పోల్చి చూశాకే డీఏపీ పూర్తిగా మానండి. సొంత పొలానికి వాడుకుంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. బస్తాల్లో నింపి ఎరువుగా అమ్మాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు వర్తిస్తుంది. సేంద్రియ ఎరువులకు అందులో పెట్టిన లోహాల హద్దుల్లో కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100, రాగి 300 వంటివి ఉన్నాయి. మైలుతుత్తం విషయం ఇక్కడ మళ్లీ అడ్డొస్తుంది.

మీ ఊరి పంచాయతీ మురుగుకు కూడా ఇదే డ్రమ్ము పెట్టొచ్చా అని చివర్లో అడిగారు. ఇళ్ల మురుగులో భాస్వరం లీటరుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములే ఉంటుంది. అంత పలచనలో స్ట్రూవైట్ కట్టదు, బొగ్గు సామర్థ్యం కూడా పడిపోతుంది, నీటి పరిమాణం మాత్రం వందల రెట్లు. అక్కడ పోషకాలు చిక్కగా దొరికేది సెప్టిక్ ట్యాంకు మడ్డిలో. వరంగల్, నర్సాపురంలలో ఆ మడ్డిని ఆరబెట్టి బొగ్గుగా కాల్చే ప్లాంట్లు పెట్టారు. కాల్చినప్పుడు క్రిములు చస్తాయి, భాస్వరం మిగులుతుంది, నత్రజనిలో సగానికి పైగా పోతుంది. దాని లెక్కలు వేరు, మీ డ్రమ్ములతో కలపకండి.

మొదట మడులు కట్టండి. అవి ఒక నెల సరిగా నడిచి, సీసా పరీక్షలో నీరు తేటగా వచ్చాకే మెగ్నీషియం పొడి కొనండి. మడులు లేకుండా డ్రమ్ములు పెడితే ఈసారి నాలుగు రోజులకే మూసుకుపోతాయి, ఎందుకంటే ఈసారి బొగ్గు ముక్క మీరు మొదట వాడినదానికంటే సన్నది.